మంచి రోజు కోసం దాచిన సీసా

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటా. నాకు పందొమ్మిదేళ్ళు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మందు కొనాలంటే 21 నిండాలి. ఇప్పటిదాకా వైన్ చుక్క కూడా నోట్లో వేసుకోలేదు. అయినా ఈ సంచికకి వైన్ మీద రాస్తున్నా. "తాగకుండానే రుచి గురించి మాట్లాడతావా?" అని మన ఎడిటర్ అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ మా సీఎస్ఈ వాళ్ళందరం ఆ పని ఎప్పుడో చేసేశాం. నాలుగో సెమిస్టర్ మెషీన్ లెర్నింగ్ ల్యాబ్ గుర్తుందా? పదకొండు అంకెలిస్తే వైన్ బాగుందో లేదో చెప్పే ప్రోగ్రాం రాయమన్నారు. క్లాసంతా కూర్చుని, ఒక్కరూ రుచి చూడకుండా, 1599 వైన్ల మీద తీర్పు చెప్పేశాం. అందరికీ మార్కులు కూడా వచ్చాయి.

నా గొడవ ఆ తీర్పుతోనే.

అసలు వైన్ అన్న మాట మనదగ్గరికి కాస్త అటూ ఇటూ అయి వచ్చింది. మా ఊళ్ళో "వైన్స్" అంటే మందు షాపు. బోర్డు మీద పెద్దక్షరాలతో వైన్స్ అని ఉంటుంది, లోపల ఎక్కువగా ఉండేది బీరు, బ్రాందీ, విస్కీ. చిన్నప్పుడు స్కూల్ బస్సు కిటికీలోంచి ఆ బోర్డు చదివి, వైన్ అంటే వాటన్నిటికీ కలిపి పెట్టిన పేరనుకునేదాన్ని. అది ద్రాక్షపండ్ల రసం పులియబెట్టి చేసేదనీ, దాన్ని ఏళ్ళ తరబడి దాచేవాళ్ళుంటారనీ, దాని మీద గంటలు గంటలు వాదించుకుంటారనీ తెలిసింది మా బాబాయి వల్ల. బాబాయి కాలిఫోర్నియాలో ఉంటాడు, శాన్ హోసే దగ్గర. ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తే మొదటి పది నిమిషాలు నానమ్మతో ఆరోగ్యం, తర్వాత పది నిమిషాలు నాన్నతో పొలం, ఆ తర్వాత నాతో వైన్. ఇంట్లో ఇంకెవరూ వినరు కాబట్టి నేనే దొరికాను.

ముందు ల్యాబ్ సంగతి చెప్తా.

ఆ డేటాసెట్ పోర్చుగల్‌ది. మిన్హో అనే ప్రాంతంలో తయారయ్యే విన్యో వెర్దె అనే వైన్. అక్కడి యూనివర్సిటీలో పనిచేసే పాలో కోర్తెజ్, ఆయన తోటివాళ్ళు 2009లో దాని మీద పరిశోధనా పత్రం వేశారు. ఎర్ర వైన్లు 1599, తెల్లవి 4898. ఒక్కో వైన్‌కి పదకొండు కొలతలు: పులుపు ఎంత, వెనిగర్ లాంటి ఘాటు పులుపు ఎంత, మిగిలిన చక్కెర ఎంత, ఉప్పు, సల్ఫర్, సాంద్రత, పీహెచ్, ఆల్కహాల్, ఇలా. చివర్లో పన్నెండో కాలమ్‌లో క్వాలిటీ. అది ఎక్కడి నుంచి వచ్చింది? కనీసం ముగ్గురు రుచి చూసేవాళ్ళు, లేబుల్ చూడకుండా తాగి, సున్నా నుంచి పదిదాకా మార్కు వేస్తారు. వాటిలో మధ్య మార్కు తీసుకుంటారు. అంతే. మనం "గ్రౌండ్ ట్రూత్" అని ఫైల్లో రాసుకున్నది ముగ్గురు మనుషుల నాలుకలు.

ఎర్ర వైన్లలో మార్కులు ఎలా ఉన్నాయో చూడండి. అయిదు వచ్చినవి 681, ఆరు వచ్చినవి 638. అంటే నూటికి ఎనభై రెండు వైన్లు "పర్లేదు" దగ్గరే ఆగిపోయాయి. ఏడు వచ్చినవి 199, ఎనిమిది వచ్చినవి 18. తొమ్మిదీ పదీ ఒక్కదానికీ లేవు.

మాకిచ్చిన పని ఏంటంటే, ఏడూ అంతకన్నా ఎక్కువ వస్తే "బాగుంది", లేకపోతే "బాలేదు" అని రెండు గంపలుగా విడగొట్టడం. నా ప్రోగ్రాం మొదటిసారే 86 శాతం యాక్యురసీ చూపించింది. ఎగిరి గంతేశా. ప్రింటవుట్ తీసి ఫైల్లో అతికించి సంతకం పెట్టించుకున్నా. పదికి తొమ్మిది. హాస్టల్‌కి వచ్చాక రాత్రి ఊరికే ఔట్‌పుట్ తెరిచి చూస్తే, నా ప్రోగ్రాం ఒక్క వైన్‌ని కూడా బాగుందనలేదు. ప్రతిదాన్నీ బాలేదు, బాలేదు, బాలేదు అనుకుంటూ పోయింది. 1599లో బాగున్నవి 217 మాత్రమే. అందుకని కళ్ళు మూసుకుని అన్నిటినీ బాలేదంటే చాలు, 86 శాతం రైటే!

ఆ సంగతి మర్నాడు ల్యాబ్‌లో చెప్పలేదు. చెప్తే ఆ తొమ్మిది ఏమవుతుందో తెలుసు. ఇదే మొదటిసారి బయటపెట్టడం.

దీన్ని బాబాయికి చెప్తే పడీపడీ నవ్వాడు. "అచ్చం మా ఆఫీసులో ఒకాయన లాగే ఉంది నీ ప్రోగ్రాం. ఏ సీసా తెచ్చినా పెదవి విరుస్తాడు. నూటికి ఎనభై ఆరుసార్లు ఆయనదే రైటు. కానీ ఆయన పక్కన కూర్చుని ఎవరికీ తాగబుద్ధి కాదు."

అలాగని అంకెలు దండగ అనడం లేదు. ఆ డేటాలో వెనిగర్ పులుపు పెరిగేకొద్దీ మార్కు తగ్గడం స్పష్టంగా కనిపిస్తుంది. అది సీసా పాడైందని చెప్పే లక్షణం కాబట్టి యంత్రం పట్టుకోగలదు. ఇంకో లోపం కూడా ఉంది, కార్కు బిరడాలోంచి వచ్చే టీసీఏ అనే రసాయనం. అది చేరితే వైన్ తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుందట. అదీ కొలవొచ్చు. కొలతలకి తప్పులు బాగా దొరుకుతాయి. కానీ తప్పు లేకపోవడం వేరు, బాగుండటం వేరు. మా మెస్‌లో సాంబారులో తప్పేమీ ఉండదు.

మరి ఆ మార్కులు వేసే మనుషులైనా ఒకే మాట మీద ఉంటారా? కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో ప్రతి ఏడూ వైన్ పోటీ జరుగుతుంది. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన ఒక చిన్న వైనరీ యజమాని, స్టాటిస్టిక్స్ కూడా చెప్పినవాడు. న్యాయనిర్ణేతలకి చెప్పకుండా ఒకే సీసాలోది మూడు గ్లాసుల్లో పోసి, మిగతా వైన్ల మధ్యలో పెట్టించాడు. మూడింటికీ ఒకే పతకం స్థాయిలో మార్కు వేసినవాళ్ళు పదిమందిలో దాదాపు ఒక్కరు. ఇది 2008లో అచ్చయింది. అంతకుముందు 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఇంకో ప్రయోగం. వైన్ చదువు చదువుకుంటున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. ముక్కు ఒకటి చెప్తుంటే కన్ను దాన్ని పక్కకి తోసేసింది.

ఇది చదివి "చూశారా, వైన్ అంతా బూటకం" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను వాళ్ళతో కలవను. మనుషులు పొరబడతారన్నంత మాత్రాన రుచి లేదని కాదు. మా అమ్మకి ఒకరోజు ఉప్పు ఎక్కువనిపించిన పప్పు మర్నాడు సరిపోయిందనిపిస్తుంది. అంతమాత్రాన ఉప్పు అబద్ధమా? నా అభ్యంతరం మార్కు మీద కాదు. మార్కుని శాశ్వతం అనుకోవడం మీద.

శాశ్వతం ఎలా అవుతుందో చూడండి. అమెరికాలో రాబర్ట్ పార్కర్ అని ఒక లాయరు ఉండేవాడు. 1978లో వైన్ల మీద సొంతంగా ఒక పత్రిక మొదలుపెట్టాడు. వాళ్ళ స్కూళ్ళలో మార్కుల్లాగే 50 నుంచి 100 దాకా వేసేవాడు. 1982 బోర్డో పంటని అందరికంటే ముందు, గట్టిగా మెచ్చుకుని పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన 95 వేస్తే ఆ సీసా ధర ఆకాశానికి, 80 వేస్తే షాపులోనే. ఆయనకి బాగా పండిన ద్రాక్షతో చేసిన చిక్కటి, బరువైన వైన్లు ఇష్టం. దాంతో చాలాచోట్ల ఆయన నాలుకకి తగ్గట్టే వైన్ చెయ్యడం మొదలైందని విమర్శకులు అంటారు. ఆయన పేరుమీద "పార్కరైజేషన్" అనే మాటే పుట్టింది. ఒక మనిషి ఇష్టం మార్కుగా మారింది, ఆ మార్కు మళ్ళీ వైన్‌ని మార్చేసింది. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ డేటా చూసి మోడల్‌ని ట్రెయిన్ చేసినట్టు.

ఇక్కడే నాకు శైలికీ నాణ్యతకీ తేడా అర్థమైంది. పల్చటి వైన్ చిక్కటి వైన్‌కి చేతకాని తమ్ముడు కాదు. రసం ముద్దపప్పు అవుదామని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది కాదు కదా! దాన్ని దానిలాగా బాగుందా లేదా అని అడగాలి.

బాబాయి కూడా ఈ మాట ఒప్పుకుంటాడు. సీసా చూసి మోసపోవద్దంటాడు. కొన్ని సీసాలు దిట్టమైన గాజుతో చేస్తారు, అడుగున లోతుగా గుంట ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ఏదో గొప్పది మోస్తున్నట్టుంటుంది. ఆ బరువు గాజుది, లోపలి వైన్‌ది కాదు. ఇంతవరకూ మా ఇద్దరికీ పేచీ లేదు. పేచీ ఎక్కడ వస్తుందంటే, పాతబడటం దగ్గర.

ఇప్పుడు ఆ సీసా కథ చెప్పాలి.

2012లో బాబాయి కంపెనీ వాళ్ళు ఆయనకి గ్రీన్ కార్డు కోసం కాగితాలు పెట్టారు. నేనప్పుడు ఒకటో తరగతి. ఆ వారాంతం బాబాయి స్నేహితులతో నాపా లోయకి వెళ్ళి ఒక వైనరీలో ఒక ఎర్ర వైన్ సీసా కొన్నాడు. పెద్ద ఖరీదేం కాదు, ఇరవై డాలర్ల లోపే. కౌంటర్లో ఉన్నావిడ రెండు మూడేళ్ళలో తాగెయ్యమని చెప్పిందట. బాబాయి వినలేదు. పాతబడితే ఇంకా బాగుంటుందని, గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజు తెరవాలని ఇంటికి తెచ్చి వంటింటి అలమారా పైన నిలబెట్టాడు. పొయ్యికి మూడడుగుల దూరంలో.

గ్రీన్ కార్డు లైను సంగతి మీలో చాలామందికి ఇళ్ళలో తెలిసే ఉంటుంది. నాలుగేళ్ళన్నారు, ఆరన్నారు. బాబాయి నాలుగు ఇళ్ళు మారాడు. సీసా కూడా మారింది, ప్రతిసారీ వంటింటి అలమారా పైకే. తాతయ్య పోయినప్పుడు వీసా స్టాంపింగ్ భయంతో రావాలా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడాడు. చివరికి వచ్చాడు, కానీ దినకర్మలకి అందాడు.

2024లో కార్డు వచ్చింది. ఆ రాత్రి, మాకు పొద్దున్న, వీడియో కాల్ పెట్టాడు. నాన్న, అమ్మ, నేను, నానమ్మ అందరం మంచం మీద వరసగా కూర్చున్నాం. నానమ్మకి అది మందు అని చెప్పలేదు, ద్రాక్షరసం అని చెప్పాం. అదీ పూర్తి అబద్ధం కాదు. బాబాయి బిరడా లాగితే సగం విరిగి లోపల పడింది. గ్లాసులో పోశాడు. ఎర్రగా ఉండాల్సింది ఇటుకపొడి రంగులో ఉంది. వాసన చూశాడు. ఒక గుక్క తాగి ఊరుకున్నాడు. పిన్ని అడిగింది, "ఎలా ఉంది?" అని. "పోయిందిరా," అన్నాడు, పిన్ని వైపు కాదు, మా నాన్న వైపు చూసి. వెనిగర్ అయిపోయిందట.

నానమ్మ మాత్రం తీరిగ్గా అడిగింది: "మూత తీసి చూసుకోకుండా పన్నెండేళ్ళు ఎలా ఉంచావురా?"

మేమందరం నవ్వాం. కానీ నాకు ఆ ప్రశ్న అంటుకుపోయింది. ఎందుకంటే ఊరగాయ విషయంలో నానమ్మ ఇంజినీరు. ఆవకాయ పెట్టిన మూడో రోజు తిరగకలుపుతుంది. నూనె పైకి తేలిందా చూస్తుంది, చాలకపోతే పోస్తుంది. తడి చెయ్యి తగలనివ్వదు. జాడీ పాతబడుతున్నంతకాలం దానికి ఏమవుతోందో ఆవిడకి తెలుసు. వైన్‌కి ఆ వీల్లేదు. బిరడా తీస్తే గాలి తగిలి ఆట అయిపోతుంది. తీయకపోతే లోపలేం జరుగుతోందో తెలీదు. మధ్యలో వాలిడేషన్ లేదు, ఒకేసారి ఫైనల్ ఎగ్జామ్.

ఆ తర్వాత నేనూ బాబాయీ కలిసి చదవడం మొదలుపెట్టాం. వైన్ పాతబడితే ఏమవుతుంది? ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ టానిన్లు అనే పదార్థాలు వస్తాయి. నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేస్తుంది చూడండి, ఆ వగరు. కుర్ర ఎర్ర వైన్లలో ఆ వగరు ఎక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవై, కొన్ని అడుగున మడ్డిగా దిగుతాయి. వగరు తగ్గుతుంది. ఎరుపు ఇటుకరంగుకి తిరుగుతుంది. తాజా పండు వాసన పోయి, ఎండుపళ్ళు, తోలు, తడిసిన ఆకుల వాసన వస్తుందట. అదంతా సవ్యంగా జరగాలంటే సీసా చీకట్లో, దాదాపు 13 డిగ్రీల చల్లదనంలో, కార్కు ఎండిపోకుండా పడుకోబెట్టి ఉండాలి. బాబాయి సీసా వెలుతురులో, వేడిలో, పన్నెండేళ్ళు నిలబడి ఉంది.

కానీ అసలు సంగతి అది కూడా కాదు. ఆ సీసాని రాజభవనం నేలమాళిగలో పెట్టినా ఏమీ అయ్యేది కాదు. ఎక్కువకాలం నిలవాలంటే మొదటి రోజునే అందులో నిలిచే సరుకు ఉండాలి. గట్టి పులుపు, గట్టి వగరు, కొన్నిటిలో తీపి. పోర్టు, మదీరా, బోర్డోలో కొన్ని పెద్ద పేర్లు, అవి దశాబ్దాలు నిలుస్తాయి. లోకంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం అలాంటిది కాదు. కొన్నేళ్ళలో తాగడానికే చేస్తారు. ఫ్రాన్స్‌లో బొజొలే నువో అనే వైన్ ప్రతి ఏడూ నవంబరు మూడో గురువారం బయటికొస్తుంది, ద్రాక్ష కోసిన కొన్ని వారాలకే. అది కొన్ని నెలల్లో తాగెయ్యాల్సింది. మన ల్యాబ్‌లోని విన్యో వెర్దె పేరుకే "పచ్చి వైన్" అని అర్థం, పచ్చి అంటే లేత అని. లేతదనమే దాని రుచి. దాన్ని దాచితే అది గొప్పదవ్వదు, ముసలిదవుతుంది.

ఇప్పుడు బాబాయి మారిపోయాడు. వైన్ ఫ్రిజ్ కొన్నాడు. లేబుళ్ళు, తేదీలు, ఎక్సెల్ షీటు. "నిలవుండేదే అసలు వైన్ నాన్నా, మిగతావన్నీ జ్యూస్," అంటున్నాడు. దెబ్బ తిన్నవాడికి కొత్తగా వచ్చిన భక్తి. ఇక్కడే నేను ఒప్పుకోను.

దానికి నా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఒక పోటీ పెట్టాడు. ఫ్రాన్స్ పెద్ద వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ పక్కపక్కన పెట్టి, లేబుళ్ళు దాచి, ఫ్రెంచి న్యాయనిర్ణేతల చేత మార్కులు వేయించాడు. ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ 1973, తెల్లవాటిలో షాతో మోంతెలీనా 1973 గెలిచాయి. రెండూ కాలిఫోర్నియావే. ఫ్రాన్స్ వాళ్ళ వైపు నుంచి వినిపించిన వాదన ఏంటంటే, మావి నెమ్మదిగా ఎదిగేవి, ఇంకొన్నేళ్ళు ఆగి చూడండి అని. ఆగారు. పదేళ్ళ తర్వాత 1986లో అవే ఎర్రవాటిని మళ్ళీ తెరిస్తే, మొదట ఎనిమిదో స్థానంలో ఉన్న క్లో దు వాల్ మొదటికొచ్చింది. ముప్ఫై ఏళ్ళకి 2006లో తెరిస్తే, మొదట అయిదో స్థానంలో ఉన్న రిడ్జ్ మోంటె బెల్లో 1971 మొదటికొచ్చింది. అవి రెండూ కూడా కాలిఫోర్నియావే!

మూడుసార్లకి మూడు మొదటి ర్యాంకులు. ఇందులో ఏ ర్యాంకు నిజం? మూడూ నిజమే, ఆయా రోజులకి. 1976లో స్టాగ్స్ లీప్ తాగినవాడు తప్పేం చేశాడు? 2006 దాకా ఆగినవాడికి దక్కింది వేరే రుచి. ఎక్కువ రుచి అనడానికి ఏ ఆధారమూ లేదు. మార్కు పక్కన తేదీ రాయకపోతే ఆ మార్కుకి అర్థం సగమే. మన డేటాసెట్‌లో పంట ఏడాది కాలమే లేదని మీరెప్పుడైనా గమనించారా? నేను గమనించలేదు, ఇది రాయడానికి మళ్ళీ తెరిచేదాకా.

మన తెలుగులోనూ ఈ గందరగోళం ఉంది. ఎవరైనా పాత కబుర్లు చెప్తే "పాత చింతకాయ పచ్చడి" అని వెక్కిరిస్తాం. కానీ జ్వరం తగ్గినవాళ్ళకి పథ్యంలో పెట్టేది ఆ పచ్చడే. పాత బియ్యం కావాలని అడిగి కొంటాం. అదే సమయంలో వేసవిలో కొత్త ఆవకాయ కలిపిన రోజు, వేడన్నంలో మొదటి ముద్ద కోసం ఇల్లంతా వంటింటి ముందే తిరుగుతుంది. అప్పుడు ముక్క ఇంకా ఊరదు, ఆవఘాటు ముక్కుకెక్కుతుంది. ఎవరైనా "ఏడాది ఆగండి, అప్పుడే అసలు ఆవకాయ" అంటారా? అంటే ఆ ఇంట్లో అన్నం పెట్టరు. నానమ్మ ఒకే చేత్తో రెండూ చేస్తుంది, దేన్ని ఎప్పుడు తినాలో ఆవిడకి తెలుసు. నాకు తెలిసిన అందరిలో వైన్ గురించి మాట్లాడే అర్హత ఆవిడకే ఎక్కువ ఉంది. పాపం, ఆవిడకి చెప్పలేం.

మొన్న ఫోన్లో బాబాయిని ధైర్యం చేసి అడిగేశా. "ఆ పన్నెండేళ్ళలో ఇంకే మంచి రోజూ రాలేదా బాబాయ్?" చెల్లి పుట్టింది. నానమ్మ ఆర్నెల్లు అక్కడికెళ్ళి ఉంది, తాతయ్య కూడా వెళ్ళాడు, అదొక్కసారే. మా బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ తాతయ్య వచ్చినప్పుడు ఆ సీసా తీసి చూపించాను. ఎప్పుడు తెరుస్తావురా అన్నాడు. కార్డు వచ్చాక నాన్నా అన్నాను," అన్నాడు. నేను అడగకుండా ఉండాల్సింది. అప్పటికా సీసాకి నాలుగేళ్ళు. బహుశా బాగానే ఉండేది.

నేను ఎవరికీ నీతులు చెప్పే వయసులో లేను. నా సంగతే చెప్తా. ఇంటర్‌లో నేను తెలుగు తీసుకోలేదు, సంస్కృతం తీసుకున్నా. ఎందుకో మీకందరికీ తెలుసు, మీలో సగంమంది అదే చేశారు. స్కోరింగ్. నాకు 98 వచ్చాయి. నాకొచ్చిన సంస్కృతం ఎంతో ఆ 98కి తెలీదు, నాకు తెలుసు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు నవలలు తర్వాత చదువుదాం, తెలుగులో రాయడం తర్వాత నేర్చుకుందాం, ఉద్యోగం వచ్చాక, సెటిలయ్యాక అనుకుంటూ ఉన్నా. అంటే నేనూ ఒక సీసాని అలమారా పైన పెట్టాను, పొయ్యి పక్కనే. నాలో నిలిచే సరుకు ఉందో లేదో నాకు తెలీదు. ఉంటే మంచిదే. లేకపోతే మాత్రం దాచిపెట్టడం వల్ల రాదు.

మొదటి పేరాలో చెప్పిన ఎడిటర్ అక్క ఈ వ్యాసం చూసి, వాక్యాలు అక్కడక్కడా ఇంగ్లీషు లాగా నడుస్తున్నాయి, వచ్చే సంచిక దాకా ఉంచి దిద్దుకో అంది. అక్క చెప్పింది నిజమే. అయినా ఇప్పుడే వేసుకోమని బతిమాలా. ముక్క ఊరలేదు, తెలుసు. వచ్చే సంచికకి తిరగకలుపుతా.